జిప్పుకు సరిపడే చోటు

మనిషికి రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉండవని మా బాబాయి చెప్పేదాకా నాకు తెలియదు. ఎవరికీ ఉండవట. బ్యాంకు మేనేజరుకు కుడి భుజం అరంగుళం కిందికట. పళ్ళ డాక్టరుకు ఎడమచెయ్యి పొట్టట. నాకు మెడే కాస్త పక్కకు ఉందట, ఎప్పుడూ పుస్తకంలోకి వాలిపోవడం వల్ల. "పైవాడు ట్రయల్ వెయ్యకుండా పంపించేస్తాడురా. సర్దాల్సింది మనమే" అంటాడు బాబాయి.

ఆయన దర్జీ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వీధి వైపు గదిలో, ఒకే కిటికీ పక్కన, ఒకే మిషను మీద కూర్చుని ఊరి వంకరలన్నీ బయటికి కనబడకుండా కుడుతున్నాడు. హెచ్చుతగ్గులు ఆయన కంట పడకూడదు. పడితే చెయ్యి ఆగదు. ఒకసారి తండ్రి పోయిన ఒకాయన్ను పరామర్శించడానికి వెళ్ళాడు. ఆయన బాబాయి భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే, ఈయన ఒక చేత్తో వీపు నిమురుతూ రెండో చేత్తో ఆయన చొక్కాకు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్న బొత్తాలను విప్పి సరిగ్గా పెట్టాడు. పక్కనున్న పిన్ని సిగ్గుతో తల దించుకుంది. ఆయన మాత్రం ఇంటికొచ్చి, "పాపం, చొక్కా చూసుకునే స్థితిలో లేడే" అన్నాడు.

ఇప్పుడు కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చేవన్నీ కొన్న ప్యాంట్లు, కింద మడిచి కుట్టమని. ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరివీ కాని కొలతలకు కుట్టి పారేస్తే, జనం ఆ బట్టల్లోనే సర్దుకుపోతున్నారు. మనుషులు దేనిలోనైనా సర్దుకుపోతారు. వాళ్ళ మీద నాకు గౌరవం తగ్గడానికి అదొక కారణం.

కోళ్ళు సర్దుకుపోవు. ఆ సంగతి నాకు బాబాయి పెరట్లో తెలిసింది.

షాపు వెనక వంటిల్లు, వంటింటి వెనక పెరడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, కాళ్ళ కింద గట్టిపడిన మట్టి. పాత కటింగ్ బల్లకు చుట్టూ చెక్కలు కొట్టి గూడు చేశాడు. బట్టల తాను చుట్టి వచ్చే కర్రను అడ్డంగా పెడితే కోళ్ళు దాని మీద పడుకునేవి. ఆరు కోళ్ళు, ఆరు రకాలు. రెండోది కొనేటప్పుడు మొదటి రకమే తీసుకొమ్మని పిన్ని చెప్పింది. "ఒకే తానులోంచి రెండు ముక్కలు కొనడం దేనికి?" అన్నాడట. అలా ఒక్కో రకమూ వచ్చింది, పేర్లు ఆయనే పెట్టాడు.

ఎర్ర రోడ్ ఐలాండ్ కోడి పేరు మేస్త్రి. పొద్దున గూడు తలుపు తీస్తే అదే ముందు దిగుతుంది. దిగి, పనివాళ్ళు అందరూ వచ్చారా అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తుంది. నూకలు చల్లితే వరస తప్పి ముందుకొచ్చిన దాని నెత్తిన ఒక్క పోటు పొడుస్తుంది. రెండో పోటు ఉండదు. మొదటిదే గుర్తుండేట్టు పొడుస్తుంది.

బ్రహ్మా కోడి కంబళి. కాలి వేళ్ళ దాకా ఈకలు, రెండేళ్ళ పిల్లాడంత ఒళ్ళు. దానికి భయం లేదు, ఎందుకంటే జరిగేది ఏదీ దాని దృష్టికి రాదు. ఒకసారి గోడ మీంచి పిల్లి దూకి ఎదురుగా వీపు విల్లులా వంచి నిలబడింది. కంబళి దాన్ని చాలాసేపు చూసింది. చివరికి పిల్లికే ఏం చెయ్యాలో తోచక వెళ్ళిపోయింది.

ఒళ్ళంతా దూదిలాంటి ఈకలున్న సిల్కీ కోడి పేరు దూది. అది ఏది కనబడితే దాని మీద కూర్చుని పొదుగుతుంది. దారపు కండె, గుండ్రాయి, మాడిపోయిన బల్బు. బొత్తాల డబ్బా మీద తొమ్మిది రోజులు కూర్చుంది. "ఇంకో వారం ఆగండి, చొక్కా బొత్తాలు పిల్లలవుతాయి" అంది పిన్ని.

మెడ మీద ఈకలు లేని రకం ఒకటుంది. దాని పేరు లో-నెక్. గిరాకీ ఉన్నప్పుడే షాపులోకి నడిచి వచ్చి, అప్పుడే ఇస్త్రీ చేసిన మడత చూసుకుని ఎక్కి కూర్చుంటుంది. తోలితే దిగుతుంది, మళ్ళీ వస్తుంది. "మెడ మీద ఈక లేదు, మొహాన సిగ్గు లేదు" అనేది పిన్ని. అయినా వండేటప్పుడు ఏదైనా కింద పడితే ముందు దాన్నే పిలిచేది.

బొంత నాటుకోడి. అన్ని రంగుల పీలికలూ కలిపి కుట్టినట్టుంటుంది. ఎవరినీ నమ్మదు. ఒక కన్ను గింజ మీద, ఒక కన్ను ఆకాశం మీద. గద్ద వస్తుందని మనకన్నా ముందు దానికి తెలుసు. వాన వస్తుందని రేడియోకన్నా ముందు తెలుసు.

ఆరోది తెల్ల లెగ్‌హార్న్. సన్నటి ఒళ్ళు, ఎర్రటి జుట్టు, నిమిషం నిలబడని కాళ్ళు. చెంచా కింద పడితే ఎగిరి గూటి మీదికి, తలుపు కిర్రుమంటే గూటి మీంచి గోడ మీదికి, కిందినుంచి పైదాకా ఒక్క ఊపులో పోతుంది. అందుకే జిప్పు అన్నాడు. రోజూ పది గంటల వేళకు సందులోంచి వచ్చి షాపు కిటికీ చట్రం మీద వాలేది. మిషను సూది పైకీ కిందికీ ఆడుతుంటే తల అటొకసారి, ఇటొకసారి వంచి చూసేది. బాబాయి దానితో ఏమీ మాట్లాడేవాడు కాదు. అది వచ్చి వాలాక మాత్రం మిషను కాస్త వేగంగా తొక్కేవాడు, చూసేవాళ్ళున్నారని.

పెరటి గోడ మనిషి ఛాతీ ఎత్తు. గోడకు అవతల ఉండేది బాబాయి అద్దెకున్న ఇంటి ఓనరు, రిటైరైన లెక్కల మేష్టారు. ఆయనకు టమాటా మడి, క్యాబేజీ మడి, ముల్లంగి మడి ఉన్నాయి. జిప్పు మిగతా ఐదింటిలా గట్టి మట్టిని గీరి ఊరుకునే రకం కాదు. దానికి మెత్తటి మట్టి కావాలి, అది గోడకు అవతలే ఉంది.

ఒక సోమవారం మేష్టారు షాపులోకి వచ్చారు. వేళ్ళతో సహా లేచిపోయిన టమాటా మొక్కల్ని పూలగుత్తిలా పట్టుకున్నారు.

"ఏవయ్యా టైలరూ, ఇవి ఎన్ని?"

బాబాయి లెక్కపెట్టాడు. "పదిహేడండీ."

"నాటింది ఇరవై. మూడు మిగిల్చింది నీ కోడి. దయగలది."

"వల కట్టుకుంటాను మేష్టారూ."

"వల కడితే నా నారుకు ఎండ రాదు. మేకు కొడితే నా గోడ నిలబడదు. ఇంకొక్కసారి నీ కోడి నా మడిలో దిగిందంటే, ఆదివారానికి పెరడు ఖాళీ కావాలి. ఆరూ పోవాలి. ఏది దాటింది, ఏది దాటలేదు అని నేను హాజరు తీసుకుంటూ కూర్చోను."

పిన్ని ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, చెప్పులు విప్పకుండానే తీర్పు చెప్పింది. "తెల్లదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి, ఐదు మిగులుతాయి. వార్డులో ఒకడు అల్లరి చేస్తే వాణ్ణి పక్క వార్డుకు మారుస్తాం. ఆస్పత్రి మూసేస్తామా?"

"నీ పేషెంట్లు ఎవరూ గుడ్డు పెట్టలేదు కదే."

"ఆ ఒక్కటే తక్కువ."

బాబాయి మిషను మీద కూర్చుని ఖాళీగా రెండుసార్లు తొక్కాడు.

దారి చూపించింది పశువుల ఆస్పత్రి కాంపౌండరు. మోచేతి దగ్గర చిరిగిన చొక్కా ఇవ్వడానికి వచ్చి మొత్తం విన్నాడు. "దీనికింత ఆలోచనా టైలరు గారూ? రెక్క ఈకలు కత్తిరించండి. గోరు తీసినట్టే, నొప్పి ఉండదు. కానీ ఒక్క రెక్కే. మర్చిపోకండి. రెండూ కత్తిరిస్తే ఏమీ చెయ్యనట్టే లెక్క. ఇంత తేలిక కోడికి ఎగరడానికి బలం అక్కర్లేదు, బ్యాలెన్సు కావాలి. ఒకవైపు తీసేశారనుకోండి, గిరికీ కొట్టి కింద పడుతుంది. రెండుసార్లు పడ్డాక గోడ ఊసెత్తదు."

ఆ సాయంత్రమే పని జరిగింది. ఇంజెక్షన్ చేయించుకోనని మొరాయించే పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పిన్ని జిప్పును చంకలో ఇరికించి పట్టుకుంది. బాబాయి కుడి రెక్క విసనకర్రలా విప్పి, చిన్న కత్తెరతో పది పెద్ద ఈకలు వరసగా కోశాడు. అంచు గీత గీసినట్టు వచ్చింది.

కింద వదలగానే జిప్పు అలవాటుగా గోడ మీదికి లేచింది. సగం దూరం వెళ్ళి, గాలిలోనే బొంగరంలా తిరిగి, కంబళి వీపు మీద పడింది. కంబళి కాస్త కిందికి వంగి, మళ్ళీ లేచి, గింజలు ఏరుకోవడం కొనసాగించింది. మేము పడీపడీ నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు.

మర్నాటి నుంచి ఆయన నవ్వలేదు. జిప్పు పడుకునే కర్ర దాకా ఎగరలేక కింద మట్టిలో ముడుచుకునేది. అంతకుముందు మేస్త్రి పొడవబోతే టక్కున గూటి మీదికి ఎక్కేది. ఇప్పుడు ఎక్కలేదు. మేస్త్రికి అది దొరకడం కొత్త, ఒక పోటుతో ఆపడం మానేసింది. మేస్త్రులకు అందుబాటులో ఎవరైనా దొరికితే ఏమవుతుందో నేను వేరే చోట్ల కూడా చూశాను. పది గంటలకు కిటికీ మీద ఎవరూ వాలలేదు. జిప్పు పెరటి మూలన గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉండేది, ఒక రెక్క నిండుగా, ఒక రెక్క మొండిగా.

"ఒక చెయ్యి కుట్టి రెండో చెయ్యి కుట్టని చొక్కా తొడిగి ఊళ్ళో తిప్పుతున్నట్టుందే" అన్నాడు బాబాయి పిన్నితో.

"మీరు అటు చూడకండి."

"అటే ఉంది కదా."

గురువారం నేను వెళ్ళేసరికి పిన్ని డ్యూటీలో ఉంది. కటింగ్ బల్ల మీద పది తెల్ల ఈకలు పొడుగును బట్టి వరసగా పేర్చి ఉన్నాయి. సోమవారం కోసిన ఈకలను పిన్ని అదే రోజు ఊడ్చి పారేసింది. ఇవి కొత్తవి. బాబాయి ఒళ్ళో జిప్పు ఉంది.

"ఏం చేశావు బాబాయ్?"

"కొంచెం సర్దాను."

"రెండో రెక్క కూడానా?"

ఆయన రెండు రెక్కలూ విప్పి చూపించాడు. "నూలుపోగంత తేడా లేదు చూడు."

నిజంగానే లేదు. అంత చక్కని పని నేను ఆ షాపులో కూడా అరుదుగా చూశాను.

"మరి కాంపౌండరు చెప్పింది?"

గుడ్డ కోసేశాక కొలతల కాగితం మళ్ళీ చదువుకున్నవాడిలా అయిపోయింది ఆయన మొహం. "తెలుసురా. కత్తెర చేతిలోకి తీసుకునేదాకా తెలుసు."

ఆ మాట పూర్తవకముందే జిప్పు ఒళ్ళోంచి దిగి, వంటిల్లు దాటి పెరట్లోకి పరిగెత్తింది. మేం వెనకాలే వెళ్ళేసరికి గూటి మీద ఉంది. గట్టిగా నాలుగుసార్లు రెక్కలు కొట్టుకుంది, గోడ మీదుంది. ఇంకోసారి కొట్టుకుంది, క్యాబేజీ మడిలో ఉంది. మేష్టారు అప్పుడు క్యాబేజీకే నీళ్ళు పోస్తున్నారు.

ఆయన పావుగంటలో వచ్చారు, చంకలో జిప్పుతో. అదే సమయానికి పిన్ని కూడా వీధిలోంచి వచ్చింది. మేష్టారి చంక చూసింది, బాబాయి మొహం చూసింది, బల్ల మీద ఈకలు చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

"రెక్క కత్తిరించానన్నావు" అన్నారు మేష్టారు.

"కత్తిరించాను మేష్టారూ."

"మరి ఇదెలా వచ్చింది?"

సందు గేటు వైపు పిన్ని కళ్ళతో సైగ చేసింది, గేటు తెరిచి ఉందని చెప్పమని. బాబాయి ఆ సైగ చూశాడు. "రెండోది కూడా కత్తిరించానండీ."

"ఎందుకు?"

"సమానంగా లేదని."

మేష్టారు కొలతలిచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. కోడి ఆయన ఒళ్ళో కూర్చుంది. "ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. లెక్క రాక తప్పు చేసినవాళ్ళను చూశాను. లెక్క తెలిసీ తప్పు చేసినవాణ్ణి ఇదే చూడటం." ఒళ్ళో కోడి మొండి రెక్కను వేలితో కొలిచి చూశారు. "సరే, విను. ఒక రెక్క ఇంకా పొట్టిగా కొయ్యి. అలాగే ఉంచు. ఈకలు పెరిగినప్పుడల్లా ఆ ఒక్కవైపే కొయ్యాలి. మాటిస్తే ఆరూ ఉండొచ్చు. లేదంటే దీన్ని పంపించేసి ఐదు ఉంచుకో. ఏ సంగతీ ఆదివారానికి తేలాలి."

ఆయన వెళ్ళాక పిన్ని వెంటనే అంది. "కొయ్యండి. నేను పట్టుకుంటాను."

బాబాయి కత్తెర తీసుకోలేదు.

"నొప్పి ఉండదన్నాడుగా కాంపౌండరు. ఇది దాని బాధ కాదండీ, మీ కంటి బాధ."

"నా కంటిదే. కాదన్నానా? కానీ మూడు రోజులు ఆ మూలన నిలబడింది నా కన్ను కాదుగా. చూడు, కంబళికి రెండు రెక్కలూ మొదలంటా తీసేసినా దానికి తెలియదు. దూదికి తీస్తే ఇంకా తీరిగ్గా పొదుగుతుంది. లో-నెక్ ఎటూ నడిచే వస్తుంది. దీనికి ఎగరడం తీసేస్తే ఇక మిగిలేదేముందే? అందరికీ ఒకే మందు ఇస్తారా మీ వార్డులో?"

"స్టాకు లేనప్పుడు ఇస్తాం" అంది పిన్ని. కానీ కత్తెర తీసి సొరుగులో పెట్టింది.

శుక్రవారం నుంచి ట్రయల్స్ మొదలయ్యాయి. ఆ మాట బాబాయిదే. జిప్పును గుడ్డసంచిలో పెట్టుకుని, తల బయటికి వదిలి, ఇల్లిల్లూ తిరిగాడు. ముందు పిన్ని వాళ్ళ హెడ్ నర్సు ఇంటికి వెళ్ళాం. మూడో అంతస్తు మీద డాబా, చుట్టూ పిట్టగోడ. సంచి విప్పిన మరుక్షణం జిప్పు పిట్టగోడ ఎక్కి కింద రోడ్డు మీద పోయే బస్సును చూసింది. బాబాయి పరుగున వెళ్ళి దాన్ని పట్టుకున్నాడు. "ఇక్కడ దీనికి లూజు ఎక్కువ" అని సంచిలో పెట్టేశాడు.

తర్వాత పాలడిపో వాడి ఇల్లు. వాడి దగ్గర షెడ్డు నిండా లెగ్‌హార్న్‌లే, నలభై దాకా. వాడు తలుపు తియ్యగానే ఒకటి ఉలిక్కిపడింది, ఒకటి ఉలిక్కిపడిందని నలభైయ్యీ ఉలిక్కిపడ్డాయి. దుమ్ము అణగడానికి ఐదు నిమిషాలు పట్టింది. "జాతిది జాతిలో కలిస్తే సుఖంగా ఉంటుంది టైలరు గారూ" అన్నాడు వాడు.

"సుఖంగా ఉంటుందేమో. రేపు నేనొచ్చి ఏదని అడిగితే చూపించగలరా?"

"ఏదైతే ఏముందండీ?"

సంచి మూసేశాడు.

శనివారం కలప డిపో వాచ్‌మన్ ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఎప్పుడూ నెత్తిన ఉన్ని టోపీ. బాబాయి ఆయన చీలమండ దగ్గర టేపు పెట్టి, కొలత సగంలో ఆపి తలెత్తాడు. "అన్నా, మీ డిపోలో దుంగలు ఎంత ఎత్తు పేరుస్తారు?"

"ఇద్దరు మనుషులెత్తు. ఎందుకు?"

గంటలో మేం అక్కడ ఉన్నాం. విశాలమైన ఆవరణ, కొండల్లా దుంగలు, నేలంతా రంపపు పొట్టు. వాచ్‌మన్‌కు అప్పటికే రెండు నాటుకోళ్ళున్నాయి. సంచి విప్పితే జిప్పు ఒక్క క్షణం నేల మీద నిలబడింది. తర్వాత పరుగు తీసి మొదటి దుంగ ఎక్కింది, దాని మీంచి పైదాని మీదికి, ఇంకా పైకి. పైన బెరడు గీరి లావుపాటి తెల్ల పురుగును బయటికి లాగింది. కింద నాటుకోళ్ళు తలెత్తి నోళ్ళు తెరిచాయి. బాబాయి పొట్టు బస్తా మీద కూర్చుని నిండా గంట చూశాడు. లేచి, కుట్టడం అయిపోయిన చొక్కాను గిరాకీ ఒంటి మీద చూసి చెప్పే మాట చెప్పాడు. "సరిపోయింది."

"మళ్ళీ వాపసు అడగరుగా?" అన్నాడు వాచ్‌మన్.

"అడగను. ఏమన్నా తేడా వస్తే మాత్రం కబురు చెయ్యండి."

దారంతా ఖాళీ సంచిని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. ఆదివారం మేష్టారు గోడ మీంచి తొంగి చూశారు. "ఐదేనా?"

"హాజరు తీసుకోనన్నారుగా" అంది పిన్ని. ఆయన తల వెనక్కి తీసుకున్నారు. సాయంత్రం మాత్రం రెండు ముల్లంగులు గోడ మీద పెట్టి వెళ్ళారు.

ఐదు కోళ్ళ లోకం మళ్ళీ దారిలో పడింది. మేస్త్రి తన కసి లో-నెక్ మీద తీర్చుకుందామని చూసింది. పొడిపించుకున్నది పట్టించుకోకపోతే పొడవడంలో రుచి ఉండదు, రెండు రోజుల్లో విసుగెత్తి మానేసింది. బాబాయి పదింటికి మిషను ఆపి టీ తాగడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఆ వేళకు టీ తాగినట్టు ఎవరికీ గుర్తులేదు.

రెండు వారాలకు వాచ్‌మన్ వచ్చాడు. ప్యాంటు కోసం కాదు. "మీ తెల్లది ఒక్క గుడ్డు పెడితే ఒట్టు" అన్నాడు.

"పెడుతుంది. మీకు కనబడి ఉండదు" అన్నాడు బాబాయి, అప్పటికే చెప్పులు వేసుకుంటూ.

పిన్నీ నేనూ కూడా వెళ్ళాం. బాబాయి డిపో మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూశాడు. "బొంత అయితే కిందే, దుంగల సందున చీకట్లో పెడుతుంది. దూది అయితే మీ టోపీలో పెడుతుంది. ఇది..." అని ఆగి, అన్నింటికన్నా ఎత్తయిన దుంగల గుట్ట వైపు తలెత్తాడు.

"వద్దు" అంది పిన్ని.

అప్పటికే రెండు దుంగలు ఎక్కాడు. యాభై ఆరేళ్ళ మనిషి, కూర్చుని చేసే పని, అయినా ఆగాగి పైదాకా వెళ్ళాడు. పైన రెండు లావు దుంగల మధ్య పల్లం, అందులో బెరడు పీచు పరిచి, పదకొండు తెల్ల గుడ్లు. పదింటిని చొక్కా ముందు అంచులో మూట కట్టి, ఒకటి అక్కడే వదిలాడు. వదలకపోతే చోటు మార్చేస్తుందట. పక్క దుంగ మీంచి జిప్పు గొంతు చించుకుని అరుస్తోంది.

"నన్ను గుర్తుపట్టలేదే ఇది" అన్నాడు కిందికి.

"పట్టింది కాబట్టే అరుస్తోంది. దిగండి."

దిగడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో గుడ్ల మూట. ఆయన అటు ఒక కాలు పెట్టి చూశాడు, ఇటు ఒక కాలు పెట్టి చూశాడు, కూర్చుండిపోయాడు. వాచ్‌మన్ నిచ్చెన కోసం ఆవరణ చివరికి వెళ్ళాడు.

"గాలి బాగుందే ఇక్కడ" అన్నాడు బాబాయి. "మన పెరడు కనబడుతోంది. కంబళి కూడా."

"కంబళి చంద్రుడి మీంచి అయినా కనబడుతుంది. ఆ మూట గట్టిగా పట్టుకోండి."

జిప్పు అరుపు మెల్లగా తగ్గింది. ఇంకో దుంగ మీదికి వచ్చింది, ఆగింది, తల వంచి ఆయన్ను ఒక కంటితో చూసింది, రెండో కంటితో చూసింది. తర్వాత అక్కడ మనిషి కాక మరో దుంగ ఉన్నట్టు ఆయన మోకాలిని రాసుకుంటూ పల్లంలోకి దిగి, ఆ ఒక్క గుడ్డు పక్కనే వీపు తిప్పి కూర్చుంది.

వాచ్‌మన్ రొప్పుకుంటూ వచ్చి నిచ్చెన ఆనించాడు. "దిగండి టైలరు గారూ, పట్టుకున్నాను."

బాబాయి కదల్లేదు. వేలు పెదవి మీద పెట్టుకుని, మాకు కూడా సరిగ్గా వినబడనంత మెల్లగా అన్నాడు. "ఆగండి, పెట్టనివ్వండి."